ఈ (E) డ్రైవ్ కనబడకపోతే ముందు మౌస్ వదిలేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదండీ, అప్పటినుంచి నాకు తెలిసిన స్టూడియోవాళ్లు, డీటీపీ సెంటర్లవాళ్లు ఒకరి వెనక ఒకరు కొత్త విండోస్ ఎక్కించుకుంటున్నారు. ఆ హడావుడిలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుదామని ఈ ఉత్తరం. పరువు పోతుందని తెలుసు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే నెల తిరక్కుండా మా సందులోనే ఇంకొకాయన దాదాపు అదే పని చేశాడు, ఆయనకి నాకున్నపాటి అదృష్టం లేకపోయింది.

నాది చిక్కడపల్లిలో పెళ్లి వీడియోల పని. నాలుగేళ్ల కిందట సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి పోయి, సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయంలో సామాను కొని ఎడిటింగ్ సిస్టమ్ కట్టించుకున్నాను. విండోస్‌కి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగేదేమీ లేని చిప్పుల డిస్కు), ఫుటేజ్‌కి రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు. ఏ పెళ్లి ఏ డ్రైవ్‌లో ఉందో వెతుక్కునే బాధ లేకుండా ఆ రెండిటినీ కలిపి ఒకే ఈ (E) డ్రైవ్‌గా చేయించాను. దాన్ని స్పాన్డ్ వాల్యూమ్ అంటారని నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఈ డ్రైవ్ ఎదురుగా 7.27 టీబీ అని కనబడటమే. (8 టీబీకి డబ్బు కట్టించుకుని 7.27 ఇస్తారా అని కొన్నచోట గొడవ కూడా పెట్టుకున్నాను. డిస్కు చేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది అని ఓపిగ్గా చెప్పి పంపారు.)

మా వీధి చివర షాపులో ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ కొట్టి విండోస్ 11 వేసిచ్చారు. గంట పని. తెచ్చి ఆన్ చేస్తే ఈ డ్రైవ్ లేదు. అందులో రెండు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్. పైగా ఒక పెళ్లివాళ్లు శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కేలోపు పెన్‌డ్రైవ్ ఇవ్వమని అడ్వాన్స్ కూడా ఇచ్చి ఉన్నారు. షాపుకి ఫోన్ చేస్తే కుర్రాడు, "సార్, మేం సీ డ్రైవ్ ఒక్కటే ముట్టుకున్నాం, మీ డిస్కులే పోయినట్టున్నాయి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి బేసిక్ చేసి ఫార్మాట్ కొట్టేయండి, వచ్చేస్తాయి" అన్నాడు. డిస్కులు వస్తాయి, నిజమే. అందులో ఉన్నవి రావు.

డిస్క్ మేనేజ్‌మెంట్ (విండోస్‌లో డిస్కులన్నీ చూపించే చోటు) తెరిస్తే రెండు డిస్కుల పక్కనా డైనమిక్, ఫారిన్ అని ఉంది. రాత్రి పదకొండు, టెన్షన్, కళ్లు మండుతున్నాయి. ఒకదాని మీద రైట్ క్లిక్ చేస్తే ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్ అని, కన్వర్ట్ టు బేసిక్ డిస్క్ (అంటే మామూలు విడి డిస్కుగా మార్చడం) అని ఒకే మెనూలో ఉన్నాయి. ఫారిన్ అన్న మాట చూసి అదేదో వైరస్ గొడవ అనుకుని, కుర్రాడు చెప్పింది కూడా బేసిక్ కాబట్టి రెండోది నొక్కాను. మొదటి డిస్కు అంతా నల్లగీతతో అన్ఎలొకేటెడ్, అంటే ఖాళీ చోటు, అని వచ్చింది. అప్పుడు చల్లబడ్డాయండీ కాళ్లూ చేతులూ. రెండో డిస్కు జోలికి పోలేదు, అదొక్కటే ఆ రాత్రి నేను చేసిన మంచిపని.

తెల్లారి ఒక రికవరీ షాపుకి ఫోన్ చేస్తే డిస్కు మొహం చూడకుండానే 40 వేలు అన్నారు. చివరికి గచ్చిబౌలిలో సర్వర్లు చూసుకునే నా చిన్ననాటి స్నేహితుడికి చెప్పుకున్నాను. వాడు మొదట అన్నమాట, "ఒరేయ్, ఇంకేమీ ముట్టుకోకు, ముందు సిస్టమ్ ఆపి ప్లగ్గు పీకెయ్." సాయంత్రం వచ్చి నాకు చెప్పిన సంగతులే మీ పాఠకులకి చెప్పాలని నా తాపత్రయం.

ఇలా కలిపిన డిస్కుల (వీటినే విండోస్ డైనమిక్ అంటుంది) వివరం విండోస్ ఉన్న డ్రైవ్‌లో దాచుకోదట. ఎన్ని డిస్కులు, ఏది ముందు, ఏది వెనక, ఎంతెంత, ఈ లెక్కంతా ఆ గుంపులోని ప్రతి డిస్కులోనూ ఒక 1 ఎంబీ చోటులో రాసి ఉంటుందట, పొలం గట్టు కాగితం అన్నదమ్ములిద్దరి దగ్గరా ఒక్కో నకలు ఉన్నట్టు. విండోస్ మార్చినంతమాత్రాన ఆ కాగితం ఎక్కడికీ పోదు. కొత్తగా వేసిన విండోస్‌కి మాత్రం ఈ డిస్కులు తన ఇంటివని తెలియదు, ఇంకో కంప్యూటర్ నుంచి వచ్చాయనుకుంటుంది, అందుకే ఫారిన్ అంటుంది. గుంపులోని డిస్కులన్నీ తగిలించి ఉన్నప్పుడు ఇంపోర్ట్ నొక్కితే ఆ కాగితం చదువుకుని ఈ డ్రైవ్‌ని మళ్లీ నిలబెడుతుంది. రెండు నిమిషాల పని! నేను నొక్కినది ఆ కాగితాన్ని చించేసే బటన్. అలా చేస్తే వాల్యూములు పోతాయని విండోస్ హెచ్చరిస్తుంది కూడా, దాన్ని చదివిన పాపాన పోలేదు.

నా అదృష్టం ఏంటంటే చింపింది కాగితాన్నే, పొలాన్ని కాదు. ఫుటేజ్ ఉన్న చోట ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయలేదు. రెండో డిస్కులో కాగితం నకలు భద్రంగా ఉంది. మా వాడు ముందు ఇంకో రెండు 4 టీబీ డిస్కులు కొనిపించి, లినక్స్ (విండోస్ బదులు వాడే ఇంకో సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఒక్కో డిస్కునీ ఉన్నదున్నట్టు నకలు తీశాడు. ఒక్కోదానికి ఏడెనిమిది గంటలు. అసలు డిస్కుల మీద ప్రయోగాలు చేసేవాడు రికవరీ చేసేవాడే కాదని వాడి వాదన. ఆ తర్వాత నకళ్ల మీద రెండో డిస్కులోని లెక్క చదివి, ఒకదాని చివర ఇంకోదాన్ని జతపెట్టి తెరిస్తే పెళ్లిళ్లన్నీ బయటికొచ్చాయి. స్పాన్డ్ కాబట్టి పని తేలికైందట, అందులో మొదటి డిస్కు అయ్యాక రెండోది మొదలవుతుంది. అదే స్ట్రైప్డ్ అయితే 64 కేబీ ముక్కలు ఒకటి ఇందులో, ఒకటి అందులో వేసుకుంటూ పోతుంది, వరస కొంచెం తప్పినా పెద్ద వీడియో ఒక్కటి కూడా నడవదు. శుక్రవారం సాయంత్రం పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. పెళ్లివాళ్లకి ఇప్పటికీ ఏమీ తెలియదు, మీరు ఈ ఉత్తరం వేస్తే తెలుస్తుందేమో.

మా సందులో ఆయన సంగతి వేరు. షాపువాళ్లు మదర్‌బోర్డు సెల్ మార్చినప్పుడు బయాస్ (బోర్డులోనే ఉండే) సెట్టింగులు మొదటికి వచ్చి, రెయిడ్ (డిస్కులు కలిపి ఒకటిగా వాడే పద్ధతి) అని ఉండాల్సింది ఏహెచ్‌సీఐ (డిస్కులు విడివిడిగా వాడే పద్ధతి) అయిపోయింది. బోర్డు కలిపి చూపించాల్సిన రెండు డిస్కులు విడివిడిగా కనబడ్డాయి, ఇనీషియలైజ్ చేయమంటారా (అంటే కొత్త డిస్కులా సిద్ధం చేయమంటారా) అని విండోస్ అడిగింది, ఆయన సరే అన్నాడు. అక్కడితో ఆగినా దారి ఉండేదేమో, ఫార్మాట్ కొట్టి నెల రోజుల పని దాని మీద ఎక్కించేశాడు. బయాస్‌లో ఆ ఒక్క సెట్టింగు వెనక్కి మార్చి ఉంటే చాలు. ఇంకోటి, మా ఇద్దరివీ తిరిగే హార్డ్ డిస్కులు కాబట్టి ఫార్మాట్ అయ్యాక కూడా కొంత ఆశ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీల్లో అది కూడా తక్కువే, విండోస్ ఫార్మాట్ చేసేటప్పుడే ట్రిమ్ అనే ఆజ్ఞ పంపుతుంది, ఖాళీ అన్న చోటుని ఎస్‌ఎస్‌డీ తనంతట తానే తుడిచేసుకుంటుంది.

లినక్స్ వాడేవాళ్లకీ ఈ గండం ఉందట, అక్కడ పాత రెయిడ్‌ని అసెంబుల్ (ఉన్నదాన్నే మళ్లీ జతపెట్టడం) చేయాలి, క్రియేట్ (కొత్తగా తయారుచేయడం) అని కొట్టకూడదు. విండోస్ 8 నుంచి వచ్చిన స్టోరేజ్ స్పేసెస్ (డిస్కులు కలిపే ఇంకో పద్ధతి) అయితే డిస్కులన్నీ తగిలించి ఉంటే చాలావరకు విండోసే గుర్తుపట్టేస్తుందని మా స్నేహితుడు అన్నాడు. అది నేను చేసి చూడలేదు.

షాపులవాళ్లకి నా విన్నపం ఒక్కటే. సిస్టమ్ తీసుకునేటప్పుడు లోపల ఎన్ని డిస్కులు, ఏవైనా కలిపి వాడుతున్నారా అని అడిగి రసీదు మీద రాయండి, విండోస్ వేసేముందు డేటా డిస్కుల కేబుళ్లు పీకి, అయ్యాక మళ్లీ పెట్టండి. ఐదు నిమిషాలు పట్టదు. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సులు చెప్పేవాళ్లు కూడా విండోస్ ఎక్కించడంతో పాటు ఫారిన్ అంటే ఏమిటో ఒక పూట చెబితే బాగుండు. షాపు కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడికి ఎవరూ చెప్పి ఉండరు. ఏ బ్యాకప్పూ లేకుండా రెండు డిస్కులు కలుపుకున్న కక్కుర్తి నాదే కదా.

ఇప్పుడు నా క్యాబినెట్ పక్కన మార్కర్‌తో రాసి పెట్టాను: "లోపల 2 డిస్కులు ఒకటే డ్రైవ్. ఫారిన్ అంటే ఇంపోర్ట్. వేరే ఏది నొక్కినా ముందు నాకు ఫోన్ చేయండి." మా అసిస్టెంట్ దాని కింద "సార్ కూడా" అని చేర్చాడు.

ఇట్లు,
ఒక స్టూడియో యజమాని,
చిక్కడపల్లి, హైదరాబాద్