కలివి కోడి కాపలాకు కాపరులను పిలవండి

సంపాదకులు గారికి,

స్కాట్లాండ్ సముద్రతీరంలో సీల్స్ అనే సముద్ర జంతువులను కనిపెట్టుకుని ఉండే స్వచ్ఛంద కార్యకర్తల గురించి ఈ మధ్య చదివాను. అబర్దీన్ నగరానికి ఉత్తరాన న్యూబర్గ్ అనే ఊరి దగ్గర ఐథన్ నది సముద్రంలో కలుస్తుంది. అక్కడి ఇసుక మీద వందల సీల్స్ వచ్చి పడుకుంటాయి. మనుషుల అలికిడికో, కుక్కకో, నెత్తిన తిరిగే డ్రోన్‌కో బెదిరాయంటే మందకు మంద నీళ్లలోకి పరుగు తీస్తుంది. తీరిక దొరికిన స్థానికులు కొందరు అక్కడ నిలబడి, చూడవచ్చినవాళ్లకు నచ్చజెప్పి ఈవలి గట్టునే ఆపుతారు. ఎవరు ఎప్పుడు బెదరగొట్టారో రాసిపెడతారు. 2017లో ఆ చోటును రక్షిత స్థావరంగా ప్రకటించారు. ఇప్పుడక్కడ సీల్స్‌ను వేధించడం నేరం.

బద్వేలు మనిషికి అబర్దీన్‌తో ఏం పని అని మీ పాఠకులు అడగొచ్చు. పని ఉంది. మన లంకమల వైపు అడవుల్లో రాత్రిపూట తిరిగే అరుదైన పక్షి కలివి కోడి. దాని గుడ్డు, తెలిసినంతలో లోకం మొత్తమ్మీద ఒక్కటే, ఆ అబర్దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలోనే ఉంది. 1917లో కోలారు వైపు సేకరించిన ఆ గుడ్డు ఏ పక్షిదో 2013లో గానీ బయటపడలేదు. గుడ్డును అంతకాలం పగలకుండా దాచినవాళ్లకు దండం పెట్టాల్సిందే. పక్షి సంగతి చూడాల్సింది మాత్రం మనం.

1848లో బ్రిటిష్ పక్షి పరిశోధకుడు జెర్డాన్ దొర లోకానికి చెప్పిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా మన జిల్లాలోని రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది పిట్టలు పట్టడం తెలిసిన స్థానికుడు. ఆ ఒక్క పక్షి బతకలేదు గానీ, దానివల్లే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా ఈ పక్షి కోసమే మార్చారు. ఇంత జరగడానికి మూలమైన ఊరివాళ్లు ఈరోజు ఆ అడవికి పరాయివాళ్లు. గొర్రెలు తోలుకెళితే తప్పు, కట్టెలకెళితే తప్పు. పొద్దుగూకాక టార్చితో కనిపిస్తే ఎర్రచందనం దొంగ.

అదనులో మేపు ఆపాల్సిందే, నేను కాదనను. కానీ పరిశోధకులు తేల్చిన విషయం ఒకటుంది. కలివి కోడికి చిట్టడవి పనికిరాదు, బోడినేలా పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి ఖాళీ నేల, ఇదీ దానికి నచ్చే చోటు. మేపు మరీ ఎక్కువైతే పొదలు పోతాయి, పూర్తిగా మానిపిస్తే ఖాళీలు మూసుకుపోతాయి. ఏ దిన్నె మీద పొద ముసురుకుంటోందో, ఎక్కడ కొత్తగా జేసీబీ దిగి చదును చేస్తోందో కాపరికి ముందు తెలుస్తుంది. ఆ కబురు అటవీశాఖ ఆఫీసుకు చేరేసరికి అక్కడ నిమ్మతోట ఉంటుంది.

ఇక పక్షిని కనిపెట్టడం. ఇది పగలు కనపడే పిట్ట కాదు. పొద్దుగూకాక కాసేపు కూస్తుంది, ఆ తర్వాత వెతికినా ప్రయోజనం తక్కువ. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు, కూతలు రికార్డు చేశారు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు మన రాష్ట్రంలో మళ్లీ దాని కూత రికార్డు చేశారన్న వార్త చాలామంది చదివే ఉంటారు. అలా బయటినుంచి వచ్చేవాళ్లు ఎన్నాళ్లుండగలరు? రోజూ ఆ వేళకు చెవులు రిక్కించుకుని కూర్చోగలిగేది అడవి అంచు పల్లెవాళ్లే. మట్టి పరిచి పొద్దున్నే జాడలు చూడటం మా దగ్గర గొర్రెల కాపరికి ఒకరు నేర్పాల్సిన విద్యా?

అటవీశాఖకు నా విన్నపం ఇది. సిద్ధవటం, బద్వేలు వైపు అడవి అంచు పల్లెల్లో ఇష్టమున్న కాపరులను, పిల్లకాయలను పిలిచి కూత వినిపించండి, జాడ చూపించండి, ఒక నోటుబుక్కు ఇవ్వండి. యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులను జత చేస్తే రాసేపని వాళ్లు చూసుకుంటారు. అన్నిటికంటే ముందు గుర్తింపు కార్డు ఇవ్వండి. అది లేకుండా రాత్రి అడవి వైపు వెళ్లమనడం పేదవాణ్ణి కేసులోకి తోయడమే. స్కాట్లాండ్‌లో ఊరికే చేస్తున్నారు కదా అని ఇక్కడా ఊరికే చేయమనకండి. అక్కడ తీరిక ఉన్నవాళ్లు సమయం ఇస్తారు, ఇక్కడ కూలి మానుకుని రావాలి. ఆ రాత్రికి కూలి కట్టివ్వాలి.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాలి. కూత ఎక్కడ వినపడినా అది శాఖకు తప్ప వాట్సాప్ స్టేటస్‌కు ఎక్కకూడదు. ఎక్కితే మరుసటి ఆదివారానికి కెమెరాలు, స్పీకర్లు పట్టుకుని బెంగళూరు నుంచి కార్లు దిగుతాయి. సీల్స్ దగ్గర కాపలాదారుడు జనాన్ని ఎదురుగా నిలబడి ఆపగలడు, రాత్రిపూట ముళ్లపొదల్లో ఎవరు ఎవరిని ఆపుతారు?

ఈ వానలు వెనకబట్టేలోగా ఒక్క రేంజిలోనైనా మొదలుపెట్టాలని జిల్లా అటవీ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు
బద్వేలు, కడప జిల్లా