టీకాపై అడిగిన తల్లికి జవాబు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బుల నుంచి కాపాడే) టీకా తర్వాత తొడ వాచి, ఒళ్లు కాలిపోతూ బిడ్డ రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తుంటే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. మా పాపకూ అలాగే అయింది. ఆ జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లాలో టీకా వేసిన చోట ఎవరూ చెప్పలేదు. కార్డులో తదుపరి తేదీ రాసి పంపేశారు. భయపడిన తల్లిదండ్రులతో ఓపిగ్గా మాట్లాడుతున్నది మాత్రం ‘టీకాకు బదులు ఈ చుక్కలు చాలు’ అనేవారే.

జలుబు చేస్తే వేయించిన వాము మూటకట్టి మా అమ్మ పెట్టే కాపడం మీద నాకు గౌరవం ఉంది. కానీ కంఠసర్పిని, కోరింత దగ్గును, ధనుర్వాతాన్ని ఏ కషాయమూ అడ్డుకోలేదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకున్నా, ఆ భయం ఇంకా చేతులు మారుతూనే ఉంది.

టీకా వేసిన ప్రతిచోటా ఏఎన్‌ఎంలు కాసేపు కూర్చోబెట్టి ఈ సంగతులు వివరించేలా, తెలుగులో అచ్చువేసిన సూచనల కాగితం చేతికిచ్చేలా వైద్య ఆరోగ్య శాఖ ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక తల్లి, తెనాలి