చిట్లేది నరం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కంచరపాలెం. పొద్దున్నే టీతో పాటు మీ పేపర్ చేతిలో లేకపోతే మా ఇంట్లో ఎవరికీ తోచదు. అందులో "మెదడులో నరం చిట్లి వ్యక్తి మృతి" అన్న హెడ్డింగ్ ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో, ఇక ఉండబట్టక రాస్తున్నా. చిట్లేది నరం కాదండీ, రక్తనాళం. నరంలో రక్తం పారదు.

తప్పంతా మీదే అనను, మన మాటలోనే ఉంది తిరకాసు. సెలైన్ పెట్టే నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంటుంది, ఆవిడ వెతికేది రక్తనాళం. రాత్రి పిక్క పట్టేస్తే నరం మీద నరం ఎక్కిందంటాం, అది కండ బిగుసుకోవడం. మడమ వెనక తాడులా తగిలేదీ నరమే మనకి, నిజానికి అది కండని ఎముకకి కట్టి ఉంచే పట్టీ. పోనీ పుస్తకాల్లోలా నాడి అందామంటే, నాడి చూడ్డమంటే పల్స్ చూడ్డం, మళ్ళీ రక్తం దగ్గరికే వచ్చాం!

మాటదేముంది అనుకోకండి. రెండేళ్ళ కిందట ఓ ఆదివారం పొద్దున్న ఏడింటికి మా మావయ్య అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు, కుడిచేతిలో గ్లాసు అలా వాలిపోయి టీ అంతా లుంగీ మీద ఒలికినా ఆయనకి తెలీలేదు, ఏటయ్యింది మావయ్యా అంటే మూతి ఓ పక్కకి లాగి ఏదో ముద్దగా అన్నారు. పక్కింటాయన వచ్చి చెయ్యి పట్టుకుని చూసి "ఏం లేదమ్మా, చేతి నరం పట్టేసింది" అన్నాడు. అందరం నమ్మేశాం. బామ్ రాశాం, ఆవనూనె వేడిచేసి రుద్దాం, తర్వాత ఆటోలో నరం లాగే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆస్పత్రికి చేరేసరికి పన్నెండున్నర.

చేతి నరాలకి ఏమీ కాలేదమ్మా అన్నారు డాక్టరుగారు. చేతిని ఆడించే ఎడమ మెదడులో ఓ రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డం పడిందట. ఎడమ మెదడేంటి కుడిచెయ్యేంటి అంటే, మెదడు నుంచి దిగే నరాల తీగలు వెన్నుపాములోకి వచ్చే ముందు చాలావరకు అటువి ఇటు ఇటువి అటు దాటేస్తాయట. మెదడు బరువు కేజీన్నర లోపే, ఒంట్లో నూటికి రెండు వంతులు, కానీ మనం పీల్చే ఆక్సిజన్లో ఐదో వంతు అదే తినేస్తుంది. దాచుకోవడం మాత్రం దానికి చేతకాదు, రక్తం ఆగితే నిమిషాల్లో కణాలు చావడం మొదలు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అదీ స్కాన్ తీసి గడ్డా, చిట్లడమా తేల్చుకున్నాకే, ఎందుకంటే చిట్లినవాళ్ళకి అదే ఇంజెక్షన్ ప్రాణం మీదకి తెస్తుంది. మేము ఐదున్నర గంటలు నూనె రుద్దాం, ఆటోలో తిరిగాం.

ఇప్పుడు మావయ్యకి మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి, మాట మాత్రం రాదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు, "టాన్" అన్న ముక్క తప్ప ఇంకేం పలకలేని రోగి చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉందట, మావయ్యకి పోయిందీ ఆ చోటేనట. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తారు. కానీ శనివారం టీవీలో అప్పన్న భజన వస్తే గొంతు కలిపి రెండు చరణాలు తప్పులేకుండా పాడేస్తారు! పాటకి కుడి మెదడు కూడా సాయం పడుతుందని చెప్పారు. మొదటిసారి విన్నరోజు అత్తయ్య వంటింట్లోంచి గరిటతో పరిగెత్తుకొచ్చేసింది.

"నరాల బలహీనతకి గ్యారంటీ మందు" అని వచ్చే యాడ్ల జోలికి నేను వెళ్ళను, అవి మీకు డబ్బులిస్తాయి. వార్తల్లో అయినా మెదడు సంగతి వచ్చినప్పుడు రక్తనాళం అని వేయండి, మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయమని కింద ఓ లైను కలపండి. హెడ్డింగ్‌లో జాగా చాలదంటారా, నరం కన్నా రక్తనాళం రెండక్షరాలే ఎక్కువ.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం