వరంగల్ కోటలోపలి నివాసుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు సర్వసభ్య సమావేశంలో లేచి మాట్లాడిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే: "ఇల్లు ఉరుస్తున్నది. బాగు చేసుకోవచ్చా, వద్దా?" కార్యవర్గం ఈ ఏడాదంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది. నెలనెలా కూర్చున్నాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం, కోట కట్టడాలను కాపాడే చట్టం ప్రతిని తెలుగులోకి మార్పించి వాక్యం వాక్యం చదివించుకున్నాం. 2023 జులై వానలకు నానిన మట్టిగోడలు ఇంకా పూర్తిగా ఆరని ఇళ్లు మనలో ఉన్నాయి. అందుకే మిగతా పనులు కొన్ని వెనకబడ్డా దీన్ని వదల్లేదు.

సభ్యుల్లో చాలామందికి ఉన్న భయం ఒక్కటే. కోటలో ఇటుక కదిలిస్తే జైలు అని. ఆ భయాన్ని పెంచి డబ్బు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ ముక్క కొంచెం నిదానంగా రాస్తున్నాను, ఇంట్లో చదువుకున్న పిల్లలతో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

మన కోట గోడలు, దర్వాజాలు, కీర్తితోరణాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి స్మారక కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి నలువైపులా 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అది దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత తోరణం స్తంభం దగ్గర మొదలు కాదు, రక్షిత స్థలం హద్దు దగ్గర మొదలవుతుంది. మన దగ్గర కట్టడాలు ఒకటి కాదు కాబట్టి ఒకదాని గీత ఇంకొకదాని మీద పడుతుంది. పక్కపక్క ఇళ్లకు వేర్వేరు జవాబులు రావడానికి కారణం ఇదే. అందులో ఎవరి పక్షపాతమూ లేదు.

నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. పైన అంతస్తు వేసినా, పక్కకు ఒక అర్ర పెంచినా చట్టం దాన్ని కొత్త కట్టడం కిందే లెక్కిస్తుంది. అయితే 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు, మార్పులు చేసుకోవడానికి అనుమతి అడిగే హక్కు అదే చట్టం ఇచ్చింది. పెంకులు మార్చడం, పుచ్చిన దంతెలు (కప్పు వాసాలు) తీసి కొత్తవి వేయడం, గోడకు సున్నం పూత, వంటింట్లో గచ్చు ఇవన్నీ మరమ్మతు కింద అడగొచ్చు. నియంత్రిత ప్రాంతంలో ఉన్నవాళ్లు కొత్త ఇల్లు కట్టుకోవడానికి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అడగకుండా చేస్తే మాత్రం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మురుగు కాలువ కట్టడం, శుభ్రం చేయడం, ప్రజలకు నీళ్లిచ్చే పైపులు, కరెంటు సరఫరా పనులు 'నిర్మాణం' అనే మాట కిందకు రావని చట్టంలోనే రాసి ఉంది. "కోటలో కాలువ తవ్వొద్దంట" అని మన వీధిలో పని ఆపినవాళ్లకు ఆ వాక్యం చూపించాం. తూర్పుకోట వైపు ఆగిన కాలువ పని మళ్లీ మొదలైంది.

ఇక ఈ ఏడాది మనమంతా గుర్తుపెట్టుకోవాల్సిన రోజు, సంక్రాంతి తర్వాతి ఆదివారం. బడి ఆవరణలో కాగితాల శిబిరం పెట్టాం. ఇల్లు 1992కు ముందు నుంచి ఉందని చూపించాలి కదా, దానికి ఇంట్లో ఏముంటే అది తెమ్మన్నాం. పొద్దున ఎనిమిదింటికి నలుగురే వచ్చారు. పదింటికి వరండా నిండిపోయి, వేపచెట్టు కింద కూడా బల్లలు వేయాల్సి వచ్చింది. పాత ఇంటిపన్ను రశీదులు, కరెంటు మీటరు కార్డులు, పాత రేషన్ కార్డులు, పసుపు పూసిన కొనుగోలు దస్తావేజులు వచ్చాయి. ఒకాయన తన పెళ్లి ఫోటో తెచ్చాడు. పందిరి వెనకాల ఇంటి దర్వాజా, దాని మీది పెంకుల వరస స్పష్టంగా ఉన్నాయి.

పడమరకోట నుంచి వచ్చిన ఒక అవ్వ రేకుపెట్టెను మనవడి చేత మోయించుకొని వచ్చింది. పెట్టె అడుగున పాత చీర ముక్కలో చుట్టి, దారంతో కట్టిన కట్ట. విప్పితే 1987 నాటి ఇంటిపన్ను రశీదు. మడత దగ్గర చినిగింది, చెద తిన్న అంచు పొడిపొడిగా రాలుతోంది, కానీ ఆమె ముసలాయన పేరు, ఇంటి నంబరు చెక్కుచెదరలేదు. "గీ కాయిదం పనికొస్తదా బిడ్డా? పారేద్దామని మా కోడలు మస్తుసార్లు అన్నది" అంది. జిరాక్స్ తీస్తుంటే మా కోశాధికారి చేతులు వణకడం నేను చూశాను. ఆ రశీదు మీదే అవ్వ దరఖాస్తు వెళ్లింది, అనుమతి వచ్చింది. గూన పెంకులు దింపి, పుచ్చిన దంతెలు తీసేసి, మళ్లీ గూనే కప్పారు. కప్పు ఎత్తు మునుపెంతో ఇప్పుడూ అంతే. మేస్త్రీ పాత గూనలో పగలనివన్నీ ఏరి వీధి వైపు వాలుకు వేశాడు, కొత్తవి పెరటి వైపు వేశాడు. రోడ్డు మీది నుంచి చూస్తే ఇల్లు ముప్పై ఏళ్ల కింద ఎట్లుండెనో అట్లనే ఉంది. సభ్యులు వెళ్లి ఒకసారి చూడాలని నా కోరిక.

ఆ రోజు మొత్తం పందొమ్మిది ఇళ్ల కాగితాలు సరిచూశాం. పదకొండు దరఖాస్తులు ఆన్‌లైన్‌లో ఎక్కించాం. నాలుగింటికి అనుమతి వచ్చింది, రెండు వెనక్కి వచ్చాయి, ఐదు ఇంకా నడుస్తున్నాయి.

ఆ ఐదింటి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో అనుమతులు చూసే అధికారి దాన్ని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆపై నెలలోగా మనకు జవాబు రావాలి. లెక్కకు మూడున్నర నెలలు. మన సభ్యురాలు ఒకామె దరఖాస్తు పెట్టి ఆ గడువు దాటిపోయింది, మళ్లీ వానకాలం దగ్గర పడుతోంది. ఒక ఆఫీసులో "ఫైలు పైన ఉంది" అంటారు, ఆ పైన అడిగితే "ఇంకా రాలేదు" అంటారు. నేను, ఉపాధ్యక్షుడు కలిసి ఆరుసార్లు వెళ్లాం. నాలుగుసార్లు సారు సీట్లో లేరు. ఆమె ఇంట్లో వంటపొయ్యి మీద టార్పాలిన్ పట్టా కట్టుకొని అన్నం వండుతున్నది. చట్టం మాకు హద్దులు పెట్టింది, అధికారులకూ గడువులు పెట్టింది. అనుమతి ఇవ్వకపోతే మన మాట విని, కారణం రాసి కాగితం ఇవ్వాలి. జవాబు ఏదైనా సరే, రాసి ఇవ్వమని అడుగుతున్నాం.

ఇదే కారణంగా ఓపిక నశించిన కుటుంబం ఒకటి రాత్రికి రాత్రి స్లాబు పోసింది. కొడుకు పెళ్లి, పైన ఒక గది కావాలి. మధ్యలో ఒకతను "నేను చూసుకుంటా" అని డబ్బు తీసుకున్నాడు. నాలుగో రోజు తలుపు మీద నోటీసు అంటింది. ఈరోజు ఆ ఇంటి మీద తుప్పు పట్టిన ఊచలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి, కొడుకు కరీమాబాద్‌లో అద్దెకు ఉంటున్నాడు, డబ్బు తీసుకున్నతను ఫోను ఎత్తడు. ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు, వాళ్ల అవసరం నిజమైనదే. కానీ సభ్యులారా, మధ్యవర్తులకు ఒక్క రూపాయి ఇవ్వకండి. దరఖాస్తు మన సంఘం ఉచితంగా ఎక్కించి పెడుతుంది.

ఇంకో సంగతి. సంపు కోసమో, పునాది కోసమో తవ్వినప్పుడు చెక్కిన రాయి బయటపడితే అరుగులో కలిపి కట్టేయొద్దు, అమ్మొద్దు. దాన్ని అట్లనే ఉంచి మాకు చెప్పండి. ఆ రాళ్లు ఈ కోటవి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి నిలబెట్టిన కోట ఇది. మన తోరణం ఈరోజు తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉంది. అందుకే మనల్ని ఆక్రమణదారులుగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఈ మట్టికట్ట, రాతికోట నడుమ పొలం దున్నినవాళ్లూ, దర్వాజా దారిన ముళ్లకంప కొట్టి శుభ్రం చేసినవాళ్లూ మన తాతలే.

మన సొంత మనుషుల గురించి కూడా రాయక తప్పదు. శిబిరానికి పనిచేస్తామని ముప్పై మంది పేర్లు రాసిచ్చారు. వచ్చింది తొమ్మిది మంది. వీధికో ప్రతినిధి అని తీర్మానించుకున్నాం, మూడు వీధులకు ఈ రోజుకీ ఎవరూ లేరు. ఇల్లు కూలాక ఫోన్ చేసేవాళ్లు, కూలకముందు ఒక ఆదివారం ఇవ్వలేరా? ఈ మాట రాస్తే కొందరికి నొప్పి కలుగుతుందని తెలుసు. రాయకపోతే వచ్చిన తొమ్మిది మందికి అన్యాయం.

జమాఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు. సభ్యత్వ రుసుములు, రెండు విరాళాలు తప్ప వేరే ఆదాయం లేదు. ఖర్చులో పెద్దభాగం జిరాక్సులు, ప్రయాణాలు, శిబిరం నాటి భోజనాలకు పోయింది. రశీదులన్నీ ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

బడి ఆవరణ ఇచ్చిన ప్రధానోపాధ్యాయుడు గారికి, రోజంతా కూర్చొని ఇళ్ల కొలతలు గీసిచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులకు, సగం ధరకే జిరాక్స్ తీసిన తమ్ముడికి, దరఖాస్తులు ఎక్కించడంలో ఓపిక పట్టిన మీసేవ కేంద్రం చెల్లెకు, చట్టం తెలుగు చేసిచ్చిన వకీలు సాబుకు, పులిహోర వండి పెట్టిన మహిళా సంఘం అక్కలకు, డంగు సున్నం ఎట్లా కలపాలో కుర్రాళ్లకు నేర్పిన పెద్దమేస్త్రీకి, ఎండలో టేపు పట్టుకొని నిలబడ్డ పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఫైలు కదిలేలా చూసిన ఇద్దరు ఉద్యోగులు కూడా ఉన్నారు, వారికీ మన నమస్కారం.

ఈ సమావేశంలో తేల్చాల్సినవి రెండు. మూడు వీధులకు ప్రతినిధులు కావాలి. 100 మీటర్ల గీత ఏ ఇంటి మీదుగా పోతుందో చూపించే పటం మనకు రాతపూర్వకంగా ఇవ్వాలని పెట్టే వినతిపత్రంపై సభ్యులందరి సంతకాలు కావాలి. సంతకం పెట్టేవాళ్లు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత కాగితం ఏదైనా సరే, చినిగినదైనా సరే, వెంట తీసుకురండి. జిరాక్స్ మిషను ఆ రోజు అక్కడే ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి