మంత్రిగారూ, బిల్లసర్గం గవులకు ఒక కాపలా మనిషిని పెట్టండి

పురావస్తు వ్యవహారాలు చూసే మంత్రి గారికి, బేతంచెర్ల నుంచి నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. ఈసారి కూడా ఆఫీసులో ఇస్తే నాలుగో రసీదే వస్తుంది కాబట్టి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బేతంచెర్ల దగ్గరున్న బిల్లసర్గం గవుల (గుహల) గొప్ప మీకు నేను చెప్పక్కర్లేదు. బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ దొర, ఆయన కొడుకు పాత ఎముకల కోసం 1883 నుంచి 85 దాకా తవ్విన సంగతి మీ ఫైళ్ళలోనే ఉంటుంది. ఇప్పుడు తవ్వుతున్నవాళ్ళ సంగతే ఏ ఫైల్లోనూ లేదు.

మొన్న వేసవిలో మా అన్న కొడుకుని అక్కడికి తీసుకెళ్ళాను. గవి లోపల నడుము లోతు గుంత. గట్టు మీద కోసిన నిమ్మకాయలు, పసుపు ముద్ద, కోడి ఈకలు, ఒక క్వార్టర్ సీసా. "ఇవి ఆదిమానవుల పూజలా బాబాయ్?" అని అడిగాడు వాడు. మొన్న అమావాస్యవి నాయనా అన్నాను. గుప్తనిధులట! మీవాళ్ళు రావడానికి బడ్జెట్ లేదంటారు, వీళ్ళు మాత్రం టంచనుగా వస్తారు.

గుంత గోడకి మట్టి చారలు చారలుగా కనిపిస్తోంది, ఒక్కో చార ఒక్కో కాలానిది. ఏ ఎముక ఏ చారలో దొరికిందన్నదే కదా సార్ అసలు లెక్క? ఈ చుట్టుపక్కలదే ఇంకో గవి, ముచ్చట్ల చింతమాను గవిలో ఆదిమానవుల పొయ్యి దగ్గరి కాలిన మట్టి ఉన్నచోట ఉన్నట్టే దొరికింది. అందుకే పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి గారి తవ్వకాల తర్వాత దాని వయసు సుమారు 17 వేల ఏళ్ళని తేల్చగలిగారు. అదే మట్టిని ఎవడో గడ్డపారతో ఎత్తి బయట పోసి ఉంటే? ట్రాక్టర్‌కి ఎత్తుకునే మన్ను, అంతే. బిల్లసర్గంలో ఇప్పుడు జరుగుతున్నది అదే. రెండు లక్షల ఏళ్ళ జంతువుల చరిత్ర ఈ గవుల్లో ఉందని 2014లో అచ్చయిన పరిశోధన చెప్పింది. బంగారం కోసం వచ్చినవాడికి ఆ చరిత్రతో ఏం పని?

మూడో అర్జీ ఇచ్చినప్పుడు ఆఫీసులో ఒకాయన "అసలు నీకు అక్కడ ఏం పని?" అని నన్నే అడిగాడు. తవ్వినవాడికి లేని టెన్షన్ నాకు పట్టుకుంది. కాపలా పెడతాం, బోర్డు రాయిస్తాం అని మొదటిసారి చెప్పింది కూడా ఆ ఆఫీసే. బోర్డు లేకపోయినా ఫర్వాలేదు సార్, నిధి దొంగలు బోర్డులు చదవరు. రాత్రిపూట ఒక మనిషి ఉంటే చాలు. మీకు వీలైనప్పుడు తవ్వించుకోండి, పదేళ్ళకైనా సరే. అప్పటిదాకా ఇంకెవరూ తవ్వకుండా చూడండి. దండం పెట్టి అడుగుతున్నాను.

వచ్చేటప్పుడు మావాడు ఆ మట్టిగుట్టలోంచి ఏదో జంతువు పన్ను తీసి జేబులో వేసుకున్నాడు. తప్పు, దొరికినచోటే పెట్టేయమన్నాను. "ఎక్కడిది బాబాయ్ ఇది, పైదా, అడుగుదా?" అన్నాడు. చెప్పలేకపోయాను. గుట్ట మీదే పెట్టించి వచ్చాను.

ఇట్లు,
మూడు రసీదుల అర్జీదారు