వరంగల్ మట్టెవాడ పాత గోదాం మీది ఇల్లు: రేటు తగ్గించాను, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్తే. దసరాకల్లా తాళాలు చేతిలో పెడతానన్న ఇల్లు మార్చి వచ్చినా ఇంకా అమ్మకానికే ఉంది. ఫోన్ చేసిన వాళ్లకు తలా ఒక ముక్క చెప్పి నాకే విసుగొచ్చింది. అందుకే ఉన్నది ఉన్నట్టు ఒకేసారి రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు పేరు సంగతి. ప్రకటనలో 'లాఫ్ట్ అపార్ట్‌మెంట్' అని పెట్టింది మా తమ్ముడు, హైదరాబాద్‌లో ఎక్కడో చూశాడట. మన దగ్గర లాఫ్ట్ అంటే పాత గిన్నెలు, సూట్‌కేసులు పడేసే సజ్జ. హన్మకొండ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి "సజ్జకు యాభై రెండు లక్షలా బిడ్డా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు మాత్రం తగిలింది. అసలు విషయం ఏంటంటే, ఇది మట్టెవాడలో ఒక పాత గోదాం పైఅంతస్తు. కింద దుకాణం, పైన ఒకప్పుడు మిర్చి బస్తాలు. వ్యాపారం ఏనుమాముల మార్కెట్ వైపు పోయాక ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. పైకప్పు పెంకులది, మధ్యలో పదహారు అడుగుల ఎత్తు. ఆ ఎత్తు వృథా పోవద్దని టేకు దూలాల మీద చెక్కతో ఒక అటక వేయించి పడకగది చేశాం. లాఫ్ట్ అంటే ఇదే.

'కాకతీయుల కాలం నాటి వీధిలో' అని కూడా వాడే రాశాడు. తీసేయించాను. మా దగ్గరున్న పాత కాగితం నిజాం కాలంది, ఉర్దూలో ఉంది, తర్జుమా చేయించి పెట్టాం. అంతకుముందు సంగతి నాకు తెలియదు. కోట ఖిలా వరంగల్‌లో ఉంది, మన ఇంటి కిటికీలోంచి కనపడదు. కోట లోపలే ఒక ఇల్లు చూడమని చాలామంది అడుగుతున్నారు. నేను ఆ పని పెట్టుకోను. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా కట్టొద్దని, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలని 2010లో చట్టాన్ని సవరించారు. మరమ్మతుకు కూడా పర్మిషన్ కావాలి. నాలాంటి ముగ్గురు మనుషుల కంపెనీకి అంత ఓపిక, అంత వడ్డీ కట్టే స్తోమత లేవు.

ఇక ఆలస్యం ఎందుకైంది అంటే, తప్పు నాదే. గోడలు డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవి. పైపూత రాలిపోతుంటే తొందరలో సిమెంటు పూయించాను. జూలై వానలకు గోడ లోపలి తేమ బయటికి వచ్చే దారి లేక పూత పొంగింది, తెల్లగా ఉప్పు తేలింది, ఒక రాత్రి హాల్లో మంచమంత పెచ్చు ఊడి కింద పడింది. అప్పుడు పరకాల దిక్కు నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించాను. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, "నీళ్లు లోపల్నే ఉన్నయి బిడ్డా, నువ్వు మీదికెళ్లి మూత పెట్టినవ్" అన్నాడు. సిమెంటంతా కొట్టించి, సున్నం వారాల తరబడి నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి మళ్లీ పూయించాం. డంగు తిప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు, కాంక్రీటు కలిపే మిల్లర్‌లోనే తిప్పాం, ఆయన దానికి మొహం మాడ్చుకున్నాడు. సున్నం సిమెంటు లాగా రెండు రోజుల్లో గట్టిపడదు, గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. ఒక పొర ఆరకుండా రెండో పొర ముట్టనివ్వలేదు ఆ తాత. నాలుగు నెలలు పోయాయి. ఖర్చు నేనే పెట్టుకున్నా, రేటులో కలపలేదు.

కోతుల సంగతి వరంగల్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పెంకులు సర్దిన మూడో రోజే ఇరవై పగలగొట్టాయి. ఇప్పుడు పెంకుల కింద రేకు వేసి, వరుసలను తీగతో కట్టించాను, అందుకని పెంకు పగిలినా నీళ్లు ఇంట్లోకి రావు. అయినా పగులుతూనే ఉంటాయి. రెండు వందల పెంకులు మెట్ల కింద పెట్టాను, అవి ఇంటితో పాటు మీకే.

అన్నిటికంటే ముఖ్యమైంది విస్తీర్ణం. మొదట 1,240 చదరపు అడుగులు అని రాశాం. అది సరైంది కాదు. అటక కాకుండా ఇల్లు 980, అటక 260. ఆ 260లో మామూలు మనిషి తల వంచకుండా నిలబడేది 150 మాత్రమే, పక్కలకు పోయిన కొద్దీ కప్పు దిగుతుంది, మంచం వేసుకోవచ్చు గానీ బీరువా నిలబడదు. చూడటానికి వచ్చిన ఒకమ్మ టేపు తెచ్చి కొలిచి నా ముందే లెక్క చెప్పింది. సిగ్గయింది. అందుకే అటకకు లెక్క కట్టడం మానేసి 52 లక్షల నుంచి 48కి దించాను. ఇంకా దించమని అడగొద్దు, దించలేను.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు ఏదని ఇద్దరు అడిగారు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, యూనిట్లు ఎనిమిది దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనది 180 గజాలు, అంటే దాదాపు 150 చదరపు మీటర్లు, కింది దుకాణంతో కలిపి రెండే యూనిట్లు. మీకు స్థలంలో 90 గజాల అవిభాజ్య వాటా వస్తుంది. లోన్ మీద మాత్రం ధీమాగా ఉండకండి. ఒక బ్యాంకు, పాత బిల్డింగుకు మంజూరైన ప్లాన్ లేదని తిప్పి పంపింది. ఇంకొకరు చూస్తామన్నారు. లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) కాపీలు ఇస్తాను, మీ బ్యాంకు లాయర్‌కు చూపించి ఆయన సరే అన్నాకే టోకెన్ ఇవ్వండి. లోన్ రాక వెనక్కి తగ్గిన కాజీపేట వాళ్లకు టోకెన్ మొత్తం తిరిగి ఇచ్చేశాను, మధ్యలో మూడు వారాలు లేటు చేశాను, అది కూడా ఒప్పుకుంటున్నా.

కారు పార్కింగ్ లేదు. గల్లీలోకి ఆటో వస్తుంది, కారు వస్తే ఎదురు బండి ఆగాల్సిందే. లిఫ్ట్ లేదు, పెట్టే చోటు కూడా లేదు. మే నెలలో అటక మీద మధ్యాహ్నం పడుకోలేరు, ఏసీ వేస్తే తప్ప. చలికాలం రాత్రి మాత్రం అక్కడే పడుకోబుద్ధి అవుతుంది, నేను రెండు రాత్రులు పడుకున్నా కాబట్టి చెప్తున్నా. ఇంకోటి, ముసురు పట్టినప్పుడు దూలాల నుంచి కొద్దిగా మిర్చి వాసన వస్తుంది. పాలిష్ చేసినా పోలేదు. మా వడ్రంగి మేస్త్రి పని మొదలుపెట్టిన రోజు తుమ్ములతోనే గడిపాడు, ఇప్పుడు అంత లేదు. నాకైతే ఇష్టమే, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం ఒకసారి వానలో వచ్చి చూసుకుని నిర్ణయించుకోండి.

ఆదివారాలు పొద్దంతా తెరిచే ఉంచుతాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు, మధ్యాహ్నం రెండింటికి రండి, వేడి ఎంతో మీకే తెలుస్తుంది. టేపు తెచ్చుకోండి. మెట్లు పద్దెనిమిది, పాతకాలపువి, నిటారుగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకొస్తే ముందే ఒక మాట చెప్పండి, కింద దుకాణంలో కుర్చీ వేయిస్తాను.