హెల్ప్‌లైన్ సర్వర్‌కు తుఫానుకు ముందే పరీక్ష పెట్టండి

సంపాదకులకు,

ఉద్దానం కొబ్బరితోటల్ని తిత్లీ తుఫాను నేలకూల్చింది 2018 అక్టోబరు 11న. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. మళ్లీ ఆ నెల రాకముందే హెల్ప్‌లైన్లు నడిపే ఆసుపత్రులకు, స్వచ్ఛంద సంస్థలకు కొన్ని మాటలు చెప్పాలి. ఆస్టరిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంటర్నెట్ కాల్ సర్వర్ మామూలు రోజుల్లో పది కాల్స్‌తో హాయిగా నడుస్తుంది. అసలు అవసరం పడిన రోజునే కుప్పకూలుతుంది.

ముందు లెక్క చూడండి. సెకనుకు ఒక్క కాల్ వచ్చి, ఒక్కొక్కరూ మూడు నిమిషాలు మాట్లాడితే ఒకే సమయంలో 180 కాల్స్ నడుస్తుంటాయి. పాట వింటూ లైన్లో ఎదురుచూసేవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు. మాటను డిజిటల్ రూపంలోకి మార్చే జీ.711 కోడెక్‌లో ఒక్క కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు సుమారు 87 కిలోబిట్లు కావాలి. 180కి దాదాపు 16 మెగాబిట్లు. ఈపాటి బ్యాండ్‌విడ్త్ చాలాచోట్ల ఉంటుంది. అందుకే, లైను బాగానే ఉంది కదా, సర్వర్ ఎందుకు పడిందని జుట్టు పీక్కుంటారు.

ఎక్కువగా దెబ్బతీసేది ఫైల్ పరిమితి. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరవగలిగే ఫైళ్లు, సాకెట్లు (నెట్‌వర్క్‌లో డేటా వచ్చిపోయే ద్వారాలు) చాలా సిస్టమ్‌లలో మామూలుగా 1024. ఫోన్ చేసినవారి వైపు, జవాబిచ్చేవారి వైపు కలిపి ఒక కాల్ మాటలకే నాలుగు సాకెట్లు పోతాయి. లోపలి పనులకు ఇంకొన్ని. కాల్‌కు పది చొప్పున వేసుకున్నా వంద కాల్స్‌కే ఖాళీ! లాగ్‌లో ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని కనిపిస్తే కారణం ఇదే. టెర్మినల్‌లో యులిమిట్ ఆదేశంతో ఈ పరిమితి పెంచి ఊరుకుంటే, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ ద్వారా మొదలైన సర్వీసుకు ఆ మార్పు అందదు. సర్వీసు ఫైల్లో ఇదే పరిమితిని తెలిపే లిమిట్‌నోఫైల్ విలువ పెంచి, సిస్టమ్‌డీకి డీమన్-రీలోడ్ ఆదేశమిచ్చి, సర్వీసును తిరిగి మొదలుపెట్టి, ప్రోక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఉండే లిమిట్స్ ఫైలు తెరిచి నిజంగా మారిందో లేదో చూసుకోవాలి.

తర్వాతిది పోర్టులు. ఫైర్‌వాల్ భయంతో, మాటల ప్యాకెట్లు మోసే ఆర్‌టీపీకి 10000 నుంచి 10100 వరకే ఇచ్చేవాళ్లున్నారు. ఒక్కో వైపుకు రెండు పోర్టుల చొప్పున అవి 25 కాల్స్‌కే సరి. 26వ వ్యక్తికి మాట వినపడదు, లేదా కాల్ అసలు కలవదు.

సర్వర్ మందగించిన కొద్దీ భారం ఇంకా పెరగడం మరో చిక్కు. డేటా అందిందో లేదో చూసుకోని యూడీపీ పద్ధతిలో పంపిన ఇన్వైట్‌కు, అంటే కాల్ కలపమనే సందేశానికి, జవాబు రాకపోతే అవతలి వైపు అర సెకనుకు ఒకసారి, తర్వాత ఒక సెకనుకు, రెండు సెకన్లకు ఇలా మళ్లీ పంపుతూనే ఉంటుంది. 32 సెకన్లలో ఒకే కాల్ ఏడుసార్లు తలుపు తడుతుంది. కాబట్టి కాన్ఫిగరేషన్‌లో మ్యాక్స్‌కాల్స్ (ఒకేసారి అనుమతించే కాల్స్) పరిమితి పెట్టి తీరాలి. 150 దగ్గర ఆపితే 151వ మనిషి కాల్ వెంటనే తిరస్కరణ అవుతుంది, మిగిలిన 150 మంది మాట వినబడుతుంది. ఆపకపోతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. బాధితుల ఫోన్లను తిప్పి పంపడమేమిటని అనిపించవచ్చు గానీ, పడిపోయిన సర్వర్ అందరినీ తిప్పి పంపుతుంది.

కాల్ వివరాలు డేటాబేస్‌లో నమోదయ్యే చోటు, రికార్డింగులు రాసే డిస్కు కూడా చూడండి. డేటాబేస్ నెమ్మదిస్తే పనులు వరుసలో పేరుకుంటాయి. ‘కోర్ షో టాస్క్‌ప్రాసెసర్స్’ అనే ఆదేశం ఏ వరుస పెరుగుతోందో చూపిస్తుంది. 500 దాటిందని హెచ్చరిక వస్తే అక్కడే వెతకండి.

పరీక్షకు సిప్‌పీ అనే ఉచిత సాధనం ఉంది. దాన్ని వేరే మెషీన్ నుంచి నడపాలి. రెండు నిమిషాలకోసారి పది కాల్స్ పెంచుకుంటూ పోవాలి. దాని మామూలు పరీక్షలో కాల్ కలుస్తుంది గానీ ఆడియో వెళ్లదు. మాటల ప్యాకెట్లు పంపే పద్ధతి ఎంచుకోకపోతే పాసైనట్టే కనిపించి మోసపోతారు. ఎన్ని కాల్స్ దగ్గర మాట తెగడం మొదలైందో రాసుకుని, అందులో 70 శాతం దగ్గర మ్యాక్స్‌కాల్స్ పెట్టుకోండి.

నిజంగానే బిగుసుకుపోతే వెంటనే రీస్టార్ట్ చేయకండి. ముందు జీడీబీ అనే లోపాలు వెతికే సాధనంతో అన్ని థ్రెడ్ల (ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనుల) స్థితి ఫైలుకు ఎక్కించాలి. అది లేకుండా రీస్టార్ట్ చేస్తే ఆధారం చెరిగిపోతుంది, అదే లోపం మళ్లీ రావచ్చు. ఇక తుఫాను తర్వాత కరెంటు రాగానే ఐపీ ఫోన్లన్నీ (ఇంటర్నెట్ ద్వారా పనిచేసే ఫోన్లు) ఒకేసారి సర్వర్‌లో రిజిస్టర్ కావడానికి ఎగబడతాయి. రిజిస్ట్రేషన్ గడువు అన్నింటికీ ఒకటే పెడితే ఆ తొక్కిసలాట మళ్లీ మళ్లీ వస్తుంది. కొన్నింటికి 600 సెకన్లు, కొన్నింటికి 900, మరికొన్నింటికి 1200 పెట్టండి.

– ఇంటర్నెట్ కాల్ సర్వర్ల నిర్వాహకులు, శ్రీకాకుళం